జవాన్లకి ఏం చేశావు ఎర్రమ్మా?

నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నా చేతిరాత వాకిట్లో ముగ్గులకే సరిపోయింది. నలుగురిలో మాట్లాడమంటే నాకు గొంతు పెగలదు. అయితే మా ఊళ్లో జరిగిన ఒక సంగతి మొన్న పిల్లలకి చెప్పాను. వాళ్లు కదలకుండా కూర్చుని విన్నారు. "రాసిపెట్టు పిన్నీ, లేకపోతే మర్చిపోతావు" అన్నారు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

మా ఊరు పోలినాయుడువలస. అక్కడ తవిటినాయుడు అనే హవల్దారు ఉండేవాడు. మనిషి బంగారమే గానీ, తన కళ్లతో చూడనిది లోకంలో జరగనే లేదనుకునేవాడు.

కొడుకు పుట్టాడని భార్య రవణమ్మ ఫోనులో చెబితే, "సరే, వచ్చాక చూస్తాను" అన్నాడట. వచ్చాడు, చూశాడు, అప్పుడు మిఠాయి పంచాడు. అప్పటికి పిల్లాడు పాకుతున్నాడు.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మా ఊళ్లో సైన్యానికి ఒక్కరినైనా ఇవ్వని ఇల్లు వెతికితే గానీ దొరకదు. కొందరు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నారు. కొందరు పింఛను తీసుకుంటున్నారు. కొందరు లేరు, వాళ్ల భార్యలు ఉన్నారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఏడాదికోసారో రెండుసార్లో సెలవుకి వస్తారు. మిగతా రోజులన్నీ ఊరు ఆడవాళ్లది, ముసలివాళ్లది, పిల్లలది.

మాకొక కట్టుబాటు ఉండేది. సరిహద్దులో తుపాకీ పట్టుకుని నిలబడ్డవాడి చెవిలో ఇంటి కష్టం వెయ్యకూడదు. ఇది మా అత్తల నాటి నుంచీ ఉంది. అప్పుడు ఉత్తరాల్లో, ఇప్పుడు ఫోన్లలో. అటునుంచి "ఎలా ఉన్నారు?" అంటే ఇటునుంచి ఒకటే జవాబు, "ఇక్కడ అంతా బాగుంది." గోడ కూలినా అంతా బాగుంది. పిల్లాడికి జ్వరమొచ్చినా అంతా బాగుంది. గేదె చచ్చిపోయినా అంతా బాగుంది, పాలు మాత్రం కొనుక్కుంటున్నాం.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎలక్షన్లు వస్తే ఎవరికి వెయ్యాలో మగవాళ్లు అక్కడి నుంచి ఫోన్లో చెప్పేవారు. ఆడవాళ్లు ఇక్కడ వేసేవారు.

ఆ ఏడాది పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. సర్పంచి పదవికి ఇద్దరు నిలబడ్డారు.

ఒకరు రైసుమిల్లు గౌరీశ్వరరావుగారు. ఆయనది ఉంగరం గుర్తు. జవాన్లంటే ఆయనకి ప్రాణం. మా ఊరి జవాను ఎవరు సెలవుకి దిగినా స్టేషన్లో దండ పట్టుకుని నిలబడేవారు. జీపులో ఎక్కించుకుని, "జైహింద్" అని అరుస్తూ ఊళ్లోకి తెచ్చేవారు. ఆ పూట భోజనం ఆయన ఇంట్లోనే. కోడికూర తప్పదు.

రెండోది ఎర్రమ్మ. కత్తెర గుర్తు. అప్పటికి ఆవిడ వార్డు మెంబరు. ఆవిడ ఇంట్లో సిపాయిలు ఎవరూ లేరు, ఎప్పుడూ లేరు. ఆవిడ గొంతు పెద్దది, నడక వేగం. మంచి మాట కూడా తిట్టినట్టే చెబుతుంది. ఓట్లు అడగడానికి వచ్చి, "కత్తెర నాది. ఏత్తే ఎయ్యండి, నేకపోతే నేదు. నాకు గేదెకి కుడితి పెట్టాల" అని పక్కింటికి వెళ్లిపోయేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తవిటినాయుడు సెలవు మీద వచ్చాడు. ఊరి జవాన్లందరికీ వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. వాళ్లలో ఉద్యోగంలో పెద్ద తవిటినాయుడే. ఆయన మాటే అందరికీ ఆర్డరు. గ్రూపులో అందరూ ఆయనకి ఒక పని అప్పగించారు.

"అన్నా, నువ్వు ఊళ్లో ఉన్నావు. ఇద్దరిలో మన జవాన్లకీ మన కుటుంబాలకీ ఎవరు ఎక్కువ చేశారో చూసి చెప్పు. నువ్వు ఎవరి పేరు చెబితే మా ఇళ్లల్లో అందరూ వాళ్లకే వేస్తారు."

తవిటినాయుడు మీసం సర్దుకున్నాడు. ముందు గౌరీశ్వరరావుగారి దగ్గరికి వెళ్లాడు.

గౌరీశ్వరరావుగారు ఒక పెద్ద బొమ్మ పరిచి చూపించారు. "నాయుడుగారూ, నేను గెలిస్తే మన ఊరి మొదట్లో పాలరాతి ఆర్చి కట్టిస్తాను. మన ఊరి జవాన్లందరి పేర్లూ దాని మీద చెక్కిస్తాను. మీ నాన్నగారి పేరు కూడా ఉంటుంది. అదిగో, మీ పేరు ఇక్కడ, కుడివైపు, అందరికీ కనబడేచోట."

తవిటినాయుడికి ఒళ్లు పులకరించింది.

తర్వాత ఎర్రమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ పేడ ఎత్తుతోంది.

"ఎర్రమ్మత్తా, సూటిగా అడుగుతున్నాను. జవాన్లకి ఏం చేశావు?"

ఎర్రమ్మ తట్ట దించి కాసేపు ఆలోచించింది. "జవాన్లకా? ఏటీ సెయ్యలేదు బాబూ. ఆళ్లు ఊళ్లో ఉంటే కదా!" అంది. మళ్లీ తట్ట ఎత్తుకుంది.

తవిటినాయుడు ఇంటికి వచ్చి భార్యతో అన్నాడు. "తేలిపోయింది. ఏమీ చెయ్యలేదని ఆవిడే ఒప్పుకుంది. ఉంగరానికే అని గ్రూపులో చెప్పేస్తాను."

రవణమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పింది. "ఆ ఆర్చి ఎక్కడ కడతారట?"

"ఊరి మొదట్లో. ఖాళీ స్థలం ఉంది కదా, అక్కడ."

"అది ఖాళీ స్థలం కాదండీ. పొద్దున్న బస్సు వచ్చి తిరిగే చోటు. అక్కడ స్తంభాలు పాతితే బస్సు ఊళ్లోకి రాదు. మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది. అంత దూరం అత్త నడవగలదా? నెలనెలా మందులకి ఎలా వెళుతుంది?"

తవిటినాయుడి తల్లి పారమ్మకి చక్కెర జబ్బు ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. ఆవిడ భర్త కూడా సిపాయిగా చేసి పోయినవాడే. పట్నంలో మాజీ సైనికుల ఆసుపత్రిలో ఆవిడకి మందులిస్తారు. నెలకోసారి వెళ్లి చూపించుకుని తెచ్చుకోవాలి. ఆ బస్సు పోతే ఆవిడకి మందులు పోయినట్టే.

"నీకు అన్నీ అనుమానాలే" అని నవ్వాడు తవిటినాయుడు. "గౌరీశ్వరరావుగారి జీపు ఉండగా బస్సెందుకు? నేను దిగిన ప్రతిసారీ స్టేషను నుంచి ఇంటిదాకా తెచ్చారు. నా కళ్లతో చూశాను. ఆ బస్సు నేనెప్పుడూ ఎక్కనే లేదు."

"అవును, ఎక్కలేదు" అంది రవణమ్మ. పొయ్యిలో పుల్ల ఎగదోసింది. కొంచెంసేపటికి, "అన్నట్టు రేపు అత్తకి మందుల రోజు. నా కాలు బెణికింది, అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాను. మీరే తీసుకెళ్లాలి" అంది.

"అదెంత పని! జీపు తెప్పిస్తాను ఉండు" అని తవిటినాయుడు అక్కడే నిలబడి ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు, భార్య వినాలని.

"గౌరీశ్వరరావుగారూ, రేపు పొద్దున్న ఓసారి జీపు కావాలండి."

"అయ్యో నాయుడుగారూ, మీరు అడగడం, నేను కాదనడమూనా! ఎక్కడికి వెళుతున్నారు?"

"అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లాలి."

"అమ్మగారికా? రేపు మన గోవిందు పంజాబు నుంచి దిగుతున్నాడండి. జీపు స్టేషనుకి వెళ్లాలి. దండ కూడా చెప్పేశాను. మీరు తిరుగు ప్రయాణమయ్యే రోజు చెప్పండి, బ్యాండు మేళంతో పంపిస్తాను."

"మందులు రేపే తెచ్చుకోవాలండి."

"వచ్చేవారం చూద్దాం లెండి. జైహింద్!"

రవణమ్మ కూరలో ఉప్పు వేస్తూ అటువైపు తిరిగింది. నవ్వుతోందో లేదో అతనికి కనబడలేదు.

మర్నాడు పొద్దున్న తవిటినాయుడు తల్లి చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి వచ్చాడు. మా మామగారి మందుల కోసం నేనూ ఆ బస్సుకే వెళుతున్నాను. అందుకే తర్వాత జరిగిందంతా నా ఎదురుగానే జరిగింది.

ఆ బస్సులో మా ఊరి ఆడవాళ్లకి ఎవరి చోటు వాళ్లకి ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు, అలా కుదిరిపోయింది. పాపం తవిటినాయుడికి తెలియదు. తల్లిని ఒకచోట కూర్చోబెట్టి తాను ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఓ నాయుడుబాబూ, లెగు లెగు" అంది సూరమ్మ. ఆవిడ సిపాయి భార్య, భర్త పోయి చాలా కాలమైంది. "అది నా సోటు. నువ్వు ఎనక్కెల్లు. మీ అమ్మది ఆ తలుపు కాడ. దిగడానికి దానికి ఈలుగుంటాది."

హవల్దారు లేచాడు. వెనక ఇంకొకావిడ, "అక్కడ కాదు బాబూ, అక్కడ మా కోడలు ఎక్కుతాది" అంది. మళ్లీ లేచాడు. చివరికి నిలబడే ప్రయాణం చేశాడు. బస్సంతా ఒకటే నవ్వు. పారమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "సైన్యంలో అందరినీ నిలబెడతావట కదరా! ఇక్కడ నువ్వు నిలబడు" అంది.

డ్రైవరు బండిని వెనక్కి తీసి ఆ స్థలంలో తిప్పుతూ తవిటినాయుడితో అన్నాడు. "ఇక్కడేదో ఆర్చి కడతారటగా సార్. కడితే చెప్పండి, ఇక బండి లోపలికి రాదు. ఇప్పటికే ఎర్రమ్మగారు తన పెంటకుప్ప తీయించి ఇస్తే గానీ తిరగడానికి చోటు దొరకలేదు."

"పెంటకుప్ప ఎర్రమ్మదా?"

"ముందు ఆవిడదే తీశారు. తర్వాత మిగతావాళ్లందరి ఇళ్ల ముందూ నిలబడి తిట్టారు. వాళ్లూ తీశారు."

"అసలు బస్సు వేయించింది ఎవరు?"

బస్సులో ఆడవాళ్లందరూ అతనివైపు చూశారు. సూర్యుడు ఎటు పొడుస్తాడని అడిగినట్టు చూశారు. "ఇంకెవరు బాబూ?" అంది సూరమ్మ. "మమ్మల్నందరినీ డిపోకి తోలుకెల్లింది. ఆ ఆపీసరు గది ముందల కూకోబెట్టింది. సద్దన్నం మూటలు ఇప్పుకుని తినమంది. ఉల్లిపాయలు కొరుక్కుని తింటన్నాం. ఆ కంపు భరించలేక ఆయనే బయటికొచ్చి, ఏటమ్మా మీ బాధ అన్నాడు. బస్సొచ్చింది."

తవిటినాయుడు కడ్డీ పట్టుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఆసుపత్రిలో మందులిచ్చే అమ్మాయి పారమ్మని చూసి నవ్వింది. "ఏం మామ్మా, ఇవాళ మీ ఎర్రమ్మ రాలేదా? ఈయనెవరు?"

"నా కొడుకమ్మా. హవల్దారు" అంది పారమ్మ గర్వంగా.

"ఓహో! మామ్మకి కొడుకున్నాడా!" అంది ఆ అమ్మాయి. తర్వాత పారమ్మ చెయ్యి పట్టుకుని, "మళ్లీ ఎప్పుడూ అలా పడిపోలేదు కదా?" అని అడిగింది.

"పడిపోవడమేమిటి?" అన్నాడు తవిటినాయుడు.

పారమ్మ ఆ అమ్మాయికి కళ్లతో సైగ చేసింది. అప్పటికే ఆలస్యమైంది.

"ఏటీ నేదురా. పద, బస్సుకి టైమైపోతాది" అంది పారమ్మ.

"అమ్మా, ఎప్పుడు పడిపోయావు?"

పారమ్మ మందుల సంచి ముడి వేసుకుంటోంది. సూరమ్మకి మాత్రం కడుపులో మాట నిలవదు. "మొన్న కాదు, అంతకు ముందు వానాకాలంలో. పార్వతీపురం సుట్టాల పెళ్లికెల్లిందని నీకు ఫోనులో సెప్పాం సూడు? ఆ పెళ్లి ఇక్కడే అయ్యింది బాబూ. అదిగో, ఆ మూల మంచం మీద."

తవిటినాయుడు నోరు తెరిచాడు. "నేను ఆ పెళ్లికి చదివింపులు కూడా పంపాను కదా!"

"వచ్చాయి" అంది సూరమ్మ. "పెళ్లికూతురికి సెలైన్లు ఎక్కించాం."

అందరం గట్టిగా నవ్వేశాం. పారమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. తవిటినాయుడు నవ్వలేదు. బల్ల మీద తల్లి పక్కన కూర్చున్నాడు.

"ఇక్కడికి ఎలా తెచ్చారు? అప్పుడు బస్సు లేదు కదా. గౌరీశ్వరరావుగారి జీపులోనా?"

"అడిగాం. బురదలో జీపు దిగబడిపోద్దన్నారు. అదీ నిజమే, పెద్ద వాన" అంది సూరమ్మ. "నులకమంచం మీద ఏసి మెయిన్ రోడ్డు దాకా మోసాం. ఎర్రమ్మ తలవైపు పట్టింది. దారంతా మీ అమ్మని తిడతానే ఉంది. ఇంత బరువున్నావేటే పారీ, నీ కొడుకు తెచ్చిన కాంటీను బిస్కట్లన్నీ నువ్వొక్కద్దానివే తినేసినావా అని. నవ్వాపుకోలేక రెండుసార్లు మంచం దింపాం."

"ఊళ్లో మగవాళ్లు ఒక్కరూ లేరా?"

"ఉన్నారు బాబూ. నీలాగే సరిహద్దులో ఉన్నారు."

తవిటినాయుడు తల్లి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"సెప్తే నువ్వక్కడ నిద్దరోతావా?" అంది పారమ్మ. "తుపాకీ తిన్నగా పట్టుకుంటావా? నీ పని నువ్వు సూసుకున్నావు. నా సంగతి ఎర్రమ్మ సూసుకుంది. అంతా బాగుంది కదా!"

తిరుగు బస్సులో సూరమ్మ తన చోటు పక్కన కొంచెం జరిగి, "ఇలా కూకో బాబూ" అంది. అతను కూర్చోలేదు. ఊరు వచ్చేదాకా తల్లి సీటు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

మేం బస్సు దిగేసరికి కాలు బెణికిన రవణమ్మ పారిపోతున్న దూడ వెంట గంతులేస్తూ పరిగెడుతోంది. మమ్మల్ని చూసి టక్కున ఆగి కుంటడం మొదలుపెట్టింది. ముందు ఏ కాలు కుంటిందో మర్చిపోయినట్టుంది, రెండోది కుంటింది. తవిటినాయుడు చూశాడు. తనే వెళ్లి దూడని పట్టి కట్టేశాడు.

అక్కడి నుంచి తిన్నగా ఎర్రమ్మ ఇంటికి వెళ్లాడు. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది.

"ఎర్రమ్మత్తా! మొన్న నేనడిగితే ఏమీ చెయ్యలేదన్నావు. మా అమ్మని మోసింది నువ్వు. బస్సు తెచ్చింది నువ్వు. ఎందుకు చెప్పలేదు?"

ఎర్రమ్మకి కోపం వచ్చింది. "నువ్వేటడిగినావు? జవాన్లకి ఏటి సేసావన్నావు. జవాన్లకి సెయ్యలేదు. మీ అమ్మకి సేసాను. మీ అమ్మని అడిగావేటి? నీ పెళ్లాన్ని అడిగావేటి? ఆ మీసమేసుకుని నా మీదకొచ్చి అడిగితే నానేటి సెప్తాను?"

తవిటినాయుడు మీసం సర్దుకోబోయి చెయ్యి దించేశాడు. వంగి ఆవిడ కాళ్లకి దండం పెట్టాడు. "ఓలమ్మా, లెగు లెగు, బియ్యంలో పడతావు" అంది ఎర్రమ్మ కంగారుగా.

ఆ సాయంత్రం అతను తన వాకిట్లో నిలబడి గ్రూపులో వాయిస్ మెసేజి పెట్టాడు. గొంతు పెద్దది కాబట్టి వీధంతా వినిపించింది.

"తమ్ముళ్లూ, మీరు అప్పగించిన పని చేశాను. గౌరీశ్వరరావుగారు మనకి దండ వేశారు, జీపు ఎక్కించారు, కోడికూర పెట్టారు. అది అబద్ధం కాదు, మర్చిపోకూడదు. కానీ అదంతా మనం ఊళ్లో ఉన్న నాలుగు రోజులూ మనకి చేసింది. మనం లేనప్పుడు మనవాళ్లకి ఎవరు ఏం చేశారో నేను చూడలేదు. మీరూ చూడలేదు. చూడనివాళ్లం చెప్పకూడదు. అందుకని నేను ఎవరి పేరూ చెప్పను. ఇవాళ మీరందరూ ఇంటికి ఫోను చెయ్యండి. 'అంతా బాగుంది' అంటే ఊరుకోవద్దు. ఎవరి వల్ల బాగుందో అడగండి. వాళ్లు చెప్పింది వినండి. ఓటు వాళ్లదే, వాళ్లకి నచ్చినట్టు వేసుకోనివ్వండి."

ఆ సాయంత్రం మా ఊరిని మీరు చూడాల్సింది. ఒక్కసారిగా ప్రతి ఇంట్లోనూ ఫోను మోగింది. పొయ్యిల మీద కూరలు మాడిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఎన్నాళ్లుగానో దాచుకున్న మాటలు వరదలాగా బయటపడ్డాయి.

ఎదురింటి నుంచి, "మన పెరటి గోడా? అది పడిపోయి రెండేళ్లయింది. అయ్యో, అరవకండి, మళ్లీ కట్టేశాం కూడా! ఎర్రమ్మ తాపీమేస్త్రీని పంపింది" అని వినిపించింది.

వెనకింట్లో ఒకమ్మాయి ఏడుస్తూ నవ్వుతోంది. "పిల్లాడికి మశూచికం కాదు, ఆటలమ్మ పోసింది. చిన్నదే. మచ్చలు కూడా పోయాయి. మీరు సెలవులో వచ్చి, వీడేమిటి ఇంత తెల్లబడ్డాడు అన్నారు చూడండి, అదే, పదిహేను రోజులు ఎండలోకి పంపలేదు!"

సూరమ్మకి ఫోను చేసేవాళ్లు ఎవరూ లేరు. అందుకని తను ప్రతి ఇంటికీ వెళ్లి, "ఇలాగియ్యి, నాను సెప్తాను" అని ఫోను లాక్కుని అందరితోనూ మాట్లాడింది. రాజస్థాన్‌తో మాట్లాడింది, అస్సాంతో మాట్లాడింది. చెప్పిందే చెప్పింది, ప్రతిచోటా మంచం బరువు కొంచెం పెరుగుతూ వచ్చింది.

పోలింగు రోజున ఆడవాళ్లు ఉతికిన చీరలు కట్టుకుని పండక్కి వెళ్లినట్టు వెళ్లారు. ఆ సాయంత్రమే లెక్క పెట్టారు. ఎర్రమ్మ గెలిచింది. ఎవరో తప్పెటగుళ్లు వాయిస్తూ చిందెయ్యడం మొదలుపెట్టారు. ఎర్రమ్మని ఎత్తుకోబోయారు. "దింపండే, నానేటైనా పారమ్మనా మొయ్యడానికి!" అని ఆవిడ కేకలు పెట్టింది. పారమ్మ అరుగు మీద కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆవిడ మందుల బస్సు ఎక్కడికీ పోదు.

గౌరీశ్వరరావుగారు ముఖం చిన్నబుచ్చుకుని మిల్లులోకి వెళ్లిపోయారు. ఎర్రమ్మే ఆయన దగ్గరికి వెళ్లింది. మేమంతా వెనకే వెళ్లాం.

"బాబూ, మీకు జవాన్లంటే ఇష్టం. కాదన్నానా?" అంది ఎర్రమ్మ. "ఆ ఆర్చి కట్టండి. బడి గోడకి ఆనించి కట్టండి. పిల్లలు రోజూ ఆ పేర్లు సదువుకుంటారు. జీపు కూడా నడపండి. కాకపోతే జవాను ఎక్కేటప్పుడే కాదు, జవాను అమ్మ ఎక్కుతానన్నప్పుడు కూడా తలుపు తియ్యండి."

గౌరీశ్వరరావుగారు తల ఎత్తారు. "అమ్మలకి కూడా దండ వెయ్యాలా?" అన్నారు.

"దండ ఒద్దు బాబూ. జీపు సీటు మీద మెత్త ఏయించండి. మోకాళ్లు నొప్పి" అంది పారమ్మ.

ఆయనకి నవ్వాగలేదు. మాకూ ఆగలేదు.

మా ఆయన కూడా జవానే. ఆ వారమంతా ఫోను అందని కొండ మీద కాపలాలో ఉన్నాడు. ఈ గొడవ ఏదీ ఆయనకి తెలియదు. మామూలుగా ఫోను ఆయనే చేస్తాడు. నేను రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాను. ఎర్రమ్మ గెలిచిన మర్నాడు పొద్దున్న ఆయన కొండ దిగుతాడని తెలిసి, వాకిలి ఊడ్చి, మామగారికి టీ ఇచ్చి, అరుగు మీద కూర్చుని మొదటిసారి నేనే ఫోను చేశాను.

ఆయన కంగారుపడ్డాడు. "ఏమిటి, నువ్వు చేశావు? అంతా బాగుందా?"

"బాగుంది" అన్నాను. "ఎవరి వల్ల బాగుందో చెప్తాను. కూర్చుని వినండి."

ఎండ వాకిట్లోకి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. నా గొంతు ఎక్కడా ఆగలేదు.

కాబట్టి పిల్లలూ, మనకి ఎవరు మంచి చేశారో తేల్చాలంటే ఆ మంచిని అందుకున్నవాళ్లని అడగాలి. అందుకున్నవాళ్లు కూడా దాచుకోకుండా, చేసినవాళ్ల పేరు నోరు తెరిచి చెప్పాలి.